పాత చీటీ మీద గుండె గోలీ కొనకండి

మీ ఇంట్లో గుండె దడకు గోలీలు వాడుతున్నవాళ్లు ఉంటే, ముందు ఆ షీటు తెచ్చి వెలుతురులో చూడండి. రేకు మీద పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టుకున్న పేరుంటుంది. కార్డరోన్ కావచ్చు, టాకైరా కావచ్చు, మరొకటి కావచ్చు. ఆ పేరు కాదు మనకు కావలసింది. దాని దగ్గర్లోనే చిన్న అక్షరాల్లో అసలు మందు పేరుంటుంది, పక్కన 100 అనో 200 అనో అంకె ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కోవడం కష్టమైతే బడికి పోయే పిల్లలతో చదివించండి. ఆ చిన్న అక్షరాల్లో ఉన్నది అమియోడరోన్ అయితే ఈ హెచ్చరిక మీ ఇంటికే. బీపీకి వాడే అమ్లోడిపిన్ వేరు, ఇది వేరు. పేర్లు దగ్గరగా ఉన్నాయని కంగారుపడొద్దు, పొరబడొద్దు.

ఇప్పుడు ఆ గోలీ వేసుకునే మనిషిని అడగండి. ఈమధ్య పొడి దగ్గు వస్తోందా? నిరుడు ఆగకుండా నడిచిన చేని బాటలో ఇప్పుడు మధ్యలో గట్టు మీద కూర్చోవాల్సి వస్తోందా? సన్న జ్వరం, ఆకలి మందగించడం, బట్టలు వదులైనట్టు ఒళ్లు తగ్గడం, ఊపిరి గట్టిగా తీస్తే ఛాతీలో పోటు, ఇవేవైనా ఉన్నాయా? వీటిలో ఒక్కటి ఉన్నా రేపు చూద్దాం, పండగయ్యాక చూద్దాం అనుకోకండి. ఇవాళే దవాఖానకు తీసుకుపోండి. షీటు జేబులో పెట్టుకుని పోండి. డాక్టరు ఎదుట కూర్చోగానే ‘దగ్గు సార్’ అనొద్దు. ‘ఈ గోలీ వాడుతున్నం, ఇన్ని నెలలైంది, ఇప్పుడు దగ్గు మొదలైంది’ అని ఈ వరసలోనే చెప్పండి. గుండె లయను సరిచేసే ఈ మందు కొందరిలో ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. సకాలంలో పట్టుకుంటే చాలామంది తేరుకుంటారు. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

దీంతోపాటే రెండో మాట కూడా అంతే గట్టిగా చెప్పాలి. ఈ సంపాదకీయం చదివి భయపడి గోలీ ఆపేయకండి. అమియోడరోన్ ఊరికే రాసే మందు కాదు. గుండె కింది గదులు అదుపు తప్పి కొట్టుకునే ప్రమాదకరమైన దడకు, గుండె బలహీనపడి వేరే లయ మందులు పనికిరాని వాళ్లకు ఇది ప్రాణాధారం. దాన్ని చెప్పాపెట్టకుండా ఆపితే పాత దడ తిరగబెట్టి, దవాఖాన చేరేలోపే మనిషి పడిపోవచ్చు. ఆపాలా, తగ్గించాలా, మార్చాలా అన్నది గుండె డాక్టరు తేల్చాల్సిన విషయం. ఆయన తేల్చాలంటే ఆయన దగ్గరికి మనం పోవాలి. మన అచ్చంపేట ప్రాంతంలో జరగనిది సరిగ్గా ఇదే.

అదెలాగో చూద్దాం. మనిషికి దడ వస్తుంది, కళ్లు తిరుగుతాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు నాడి చూసి పట్నం తీసుకుపొమ్మంటాడు. హైదరాబాద్‌లో నిమ్స్‌లోనో, ఉస్మానియాలోనో, ఆరోగ్యశ్రీ ఉన్న ప్రైవేటు ఆస్పత్రిలోనో వారం పది రోజులుంటారు. డిశ్చార్జి రోజు చేతికి ఓ కాగితాల కట్ట వస్తుంది. గోలీల పట్టికలో అమియోడరోన్ ఎదురుగా సాధారణంగా కనిపించే క్రమం ఇది: మొదటి వారం రోజుకు మూడు, రెండో వారం రెండు, తర్వాత ఒకటి. ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రావడం ఈ మందు పద్ధతి. కాగితం చివర ‘నెల తర్వాత మళ్లీ రావలెను’ అని ఉంటుంది. ఆ కాగితాన్ని ఆధార్ జిరాక్సు, ఆరోగ్యశ్రీ కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరును బీరువాలోనో దేవుడి పటం వెనకో దాస్తారు. దడ తగ్గింది. మనిషి తిరుగుతున్నాడు. మళ్లీ పట్నం పోవాలంటే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం, బస్సు కిరాయి, తోడు వచ్చేవాళ్ల కూలి పోవడం, ఓపీ చీటీ కోసం తెల్లవారుజామునే వరస. మన్ననూరు అవతల అమ్రాబాద్, పదర పల్లెలవాళ్లకు, లోపలి చెంచు పెంటలవాళ్లకు అచ్చంపేట రావడమే ఒక పూట పని. నెల తర్వాత పోవాల్సిన మనిషి ఆరు నెలలకూ పోడు.

గోలీలు మాత్రం ఆగవు. అయిపోయిన షీటు తీసుకుని కొడుకు మెడికల్ షాపుకు పోతాడు. ‘ఇవే ఓ రెండు షీట్లు ఇయ్యి సార్’ అంటాడు. కౌంటరు అవతలి పిల్లవాడు ఖాళీ షీటు వంక చూస్తాడు, అదే పేరున్న షీట్లు తీసి ఇస్తాడు, డబ్బులు తీసుకుంటాడు. చీటీ ఎక్కడ అని అడగడు. అడిగితే పక్క షాపుకు పోతారని భయం. ఈ లావాదేవీకి అర నిమిషం కూడా పట్టదు. ఇలా ఏడాది, రెండేళ్లు, నాలుగేళ్లు గడుస్తాయి. గుండె ఆపరేషను తర్వాత వచ్చే దడకు కొన్ని వారాలపాటు మాత్రమే వాడమని రాసిన గోలీ కూడా ఇలాగే ఏళ్లకేళ్లు సాగుతుంది. కొందరు రోజుకు ఒకటికి తగ్గించాల్సిన చోట రెండు దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే తగ్గించమన్న వరస చదివి చెప్పినవాళ్లు లేరు.

గోలీ మోతాదు, వాడిన కాలం పెరిగేకొద్దీ ఊపిరితిత్తులకు ముప్పు పెరుగుతుంది. ప్రమాదకరమైన దడ ఉన్నవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాముల దాకా ఇచ్చిన కొన్ని అధ్యయనాల్లో 10 నుంచి 17 శాతం మందికి ఊపిరితిత్తుల జబ్బు కనిపించిందని, అలా జబ్బు పడినవాళ్లలో దాదాపు 10 శాతం మంది చనిపోయారని అమెరికాలో ఆ మందు లేబులే చెబుతోంది. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా వాడేది 200, 100 మిల్లీగ్రాములే. ఆ మోతాదులో ముప్పు బాగా తక్కువ, కానీ లేదనడానికి వీల్లేదు. జబ్బు సాధారణంగా మొదలుపెట్టిన రెండు నెలల తర్వాత, ఎక్కువమందిలో ఆరు నెలల నుంచి ఏడాది మధ్య బయటపడుతుంది. కొందరిలో కొద్ది రోజుల్లోనే వస్తుంది, కొందరిలో ఏళ్ల తర్వాత వస్తుంది. ‘మూడేళ్లుగా వాడుతున్నం, ఏం కాలేదు, ఇంకేమైతది’ అనే ధీమాకు ఈ మందు విషయంలో తావు లేదు. అరవై దాటినవాళ్లకు, ముందే ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు ప్రమాదం మరింత ఎక్కువ.

ఎందుకిలా? అమియోడరోన్ కొవ్వును పట్టుకుని ఉండే రకం. రక్తంలో తిరిగి మూత్రంలో పోయే మందులాంటిది కాదు. కొవ్వులో, కాలేయంలో, ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. ఆవకాయ జాడీ ఎన్నిసార్లు కడిగినా నూనె జిడ్డు వదలనట్టు, గోలీ ఆపాక కూడా ఒంట్లో మిగిలే ఉంటుంది. ఉన్న మందులో సగం పోవడానికే సగటున 50 రోజులకు పైగా పడుతుంది, కొందరిలో 100 రోజులు దాటుతుంది. ఊపిరితిత్తుల కణాల్లో కొవ్వు పదార్థాలను కరిగించే పని దీనివల్ల దెబ్బతింటుంది. అవి కణాల లోపలే నిలవ ఉండిపోతాయి. దానికి తోడు మందు కణాలను నేరుగా గాయపరుస్తుంది, కొందరిలో ఒంటి రక్షణ వ్యవస్థే తిరగబడి వాపు పుట్టిస్తుంది. వాపు తగ్గకుండా ఉంటే మెత్తగా సాగే ఊపిరితిత్తి గట్టిపడి మచ్చకడుతుంది. ఆ మచ్చను మళ్లీ మెత్తబరిచే మందు లేదు. అందుకే దగ్గు దశలో పట్టుకోవడానికీ ఆక్సిజన్ సిలిండరు దశలో పట్టుకోవడానికీ అంత తేడా.

మన ప్రాంతంలో ఈ జబ్బుకు దాక్కోవడానికి చోట్లు ఎక్కువ. దగ్గూ ఆయాసమూ ఇక్కడ ఎవరినీ ఉలిక్కిపడేలా చేయవు. పత్తి ఏరేటప్పుడు, వేరుశనగ కాయ ఆడించేటప్పుడు దుమ్ము. కట్టెల పొయ్యి పొగ. పెద్ద మనుషులకు బీడీ. చలికాలం రాగానే నల్లమల అంచు పల్లెల్లో సగం ఇళ్లల్లో దగ్గే. డెబ్బై ఏళ్ల మనిషి దగ్గుతుంటే ‘వయసు మీద పడ్డది’ అంటాం. గుండె జబ్బు మనిషి ఆయాసపడుతుంటే ‘గుండెకే మళ్లీ ఏదో అయింది’ అనుకుంటాం. ఇది ఇంట్లోవాళ్ల పొరపాటు మాత్రమే కాదు. డాక్టర్లూ తడబడే చోటు ఇది. ఎక్స్‌రేలో కనిపించే మసక నీడ న్యుమోనియాలా ఉంటుంది, గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టూ ఉంటుంది. న్యుమోనియా అనుకుని యాంటీబయాటిక్ సూదులు వేస్తారు. నీరు అనుకుని మూత్రం పోయే గోలీ పెంచుతారు. వారం గడిచినా తగ్గదు. ఈలోపు అసలు గోలీ రోజూ గొంతు దిగుతూనే ఉంటుంది.

ఇక క్షయ. రెండు వారాలు దాటిన దగ్గు అంటే మన దగ్గర మొదట అదే అనుమానం, అది సబబే. కఫం పరీక్ష చేయించుకోవద్దని మేం చెప్పడం లేదు, తప్పకుండా చేయించుకోవాలి. కానీ కఫంలో క్రిమి కనబడకపోయినా ఎక్స్‌రే నీడ చూసి టీబీ గోలీలు మొదలుపెట్టే సందర్భాలుంటాయి. అలాంటి చోట ఆ మనిషి అమియోడరోన్ వాడుతున్న సంగతి డాక్టరుకు తెలియాలి. తెలియకపోతే రెండు నష్టాలు. జబ్బు టీబీ కాకపోవచ్చన్న ఆలోచనే రాదు. టీబీ కోర్సులోని రిఫాంపిసిన్ ఒంట్లో అమియోడరోన్ పాళ్లను పడగొడుతుంది కాబట్టి దడ మళ్లీ లేవొచ్చు. పైగా రెండు వైపుల మందులూ కాలేయం మీద భారం వేసేవే.

ఈ మందు పుట్టుక గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే దాని ముప్పు ఇవాళ కొత్తగా బయటపడింది కాదు. ఈజిప్టువాళ్లు నాటువైద్యంలో వాడిన ఒక మొక్క గింజల నుంచి వచ్చిన ఖెలిన్ అనే పదార్థాన్ని ఆధారం చేసుకుని 1961లో బెల్జియం శాస్త్రవేత్తలు అమియోడరోన్ తయారుచేశారు. అప్పుడు అనుకున్నది గుండె నొప్పికి మందు అని. ఫిజీలో పుట్టిన భారత సంతతి వైద్యుడు బ్రహ్మ సింగ్ ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన పరిశోధనతో అది గుండె లయను పట్టి ఉంచగలదని తేలింది. 1970లలో అర్జెంటీనా డాక్టరు రోసెన్‌బామ్ మొండి దడలకు వాడి చూపించాక ప్రపంచమంతా పాకింది. ఊపిరితిత్తుల దెబ్బ గురించి వైద్య పత్రికల్లో 1980 నాటికే వచ్చింది. 1985 డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చింది, అదీ ప్రాణాంతకమైన దడకు మాత్రమే. నల్ల గీతల పెట్టెలో వేసే అత్యంత తీవ్ర హెచ్చరిక ఇవాళ్టికీ ఆ లేబుల్ మీద ఉంది. అందులో మొదటి మాట ఊపిరితిత్తులే. 2022 మార్చిలో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ తన డాక్టర్లకు మళ్లీ గుర్తుచేయాల్సి వచ్చింది: వేరే మందు పనికిరాని చోటే వాడండి, వాడుతున్నవాళ్లను వదిలేయకుండా పరీక్షలు చేయండి, ఊపిరితిత్తుల మీద అనుమానం వస్తే సీటీ స్కాన్ తీయండి, ఆపిన తర్వాత కూడా కొన్ని నెలలు కనిపెట్టి ఉండండి అని. అంత వ్యవస్థ ఉన్న దేశమే గుర్తుచేసుకోవాల్సి వస్తే, ఖాళీ షీటు చూపించి మందు కొనే చోట ఎంత జాగ్రత్త కావాలో వేరే చెప్పాలా?

మరి ఇంత ముప్పున్న మందు ఎందుకు రాస్తున్నారని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. లయ మందులన్నీ కత్తి మీద సామే. గుండెపోటు తర్వాత వచ్చే చిన్న దడలను అణచడానికి ఇచ్చిన ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ అనే మందులు మరణాలను తగ్గించకపోగా పెంచాయని 1989లో ఒక పెద్ద పరీక్షలో తేలింది. దెబ్బతిన్న గుండెకు ఆ రకం మందులు ఇవ్వడానికి డాక్టర్లు జంకడం అప్పటి నుంచే. అమియోడరోన్‌లో అయొడిన్ తీసేసి చేసిన డ్రోనెడరోన్ 2009లో వచ్చింది, కానీ గుండె బాగా బలహీనపడినవాళ్లకు అది పనికిరాదు. కాబట్టి మందు రాసిన డాక్టరును తప్పుపట్టే పని లేదు. రాసిన తర్వాత ఎవరూ చూడకపోవడమే తప్పు.

మన దేశంలో దీనికి ఇంకో మెలిక ఉంది. పడమటి దేశాల్లో గుండె పైగదులు లయ తప్పే జబ్బు ఎక్కువగా ముసలితనంలో వస్తుంది. మన దేశపు గుండె లయ వైద్యుల సంఘం సేకరించిన వివరాల్లో అలాంటి రోగులలో దాదాపు సగం మందికి మూలం కీళ్లవాత జ్వరం వల్ల పాడైన గుండె కవాటం. సగటు వయసు 55 లోపే. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్ల వాపు వచ్చి, పెన్సిలిన్ సూది పడక, ముప్పై నలభై ఏళ్లకు బెలూన్ చేయించుకున్నవాళ్లు, వాల్వు మార్పించుకున్నవాళ్లు మన పాలమూరు పల్లెల్లో ఉన్నారు. వాళ్లు ఇంకా కైకిలి పనికి పోయే వయసువాళ్లు. ముంబై, పుణెలకు వలసపోయే వయసువాళ్లు. అక్కడో షాపు, ఇక్కడో షాపు, ఒకే ఖాళీ షీటు. డెబ్బై ఏళ్లకు మొదలుపెట్టినవాళ్ల కంటే వీళ్ల ముందున్న కాలం ఎక్కువ, అంటే ఒంట్లో పేరుకునే మందూ ఎక్కువ.

వాల్వు మనుషుల్లో చాలామంది రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ గోలీ వాడుతుంటారు. ఇక్కడ ఇంకో గండం. అమియోడరోన్ తోడైతే రక్తం పలచబరిచే మందు బలం పెరిగిపోతుంది. చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం, నల్లటి మలం, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తే వెంటనే రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించాలి. ఈ రెండూ కలిసి మొదలైన వారాల్లో ఆ పరీక్ష తరచుగా జరగాలి. డిజాక్సిన్ వాడేవాళ్లలో దాని పాళ్లు పెరిగి వాంతులు, పసుపుపచ్చగా మసకబారిన చూపు రావచ్చు, అందుకే మామూలుగా దాన్ని సగానికి తగ్గిస్తారు. కొలెస్ట్రాల్ గోలీల్లో సిమ్వాస్టాటిన్ అయితే రోజుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. కొత్తగా ఏ గోలీ మొదలైనా పాత గోలీ పేరు చెప్పాలనేది ఇందుకే.

పరీక్షల సంగతికి వద్దాం. మందు మొదలుపెట్టేనాడే ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీసి ఉంచాలి. రేపు నీడ కనిపిస్తే పాతదా కొత్తదా అని పోల్చడానికి అదే ఆధారం. మీ ఇంటి కవరులో అది లేకపోతే ఇప్పుడైనా తీయించి దాచండి. ఊపిరితిత్తులు గాలిలోని ఆక్సిజన్‌ను రక్తంలోకి ఎంత దించుకుంటున్నాయో కొలిచే పరీక్ష ఒకటుంది, అది పెద్ద దవాఖానల్లోనే దొరుకుతుంది. ఈసారి హైదరాబాద్ పోయినప్పుడు అడిగి చేయించుకోవాల్సిందే. తర్వాత ఛాతీ ఎక్స్‌రే మూడు నుంచి ఆరు నెలలకోసారి అని అమెరికా లేబుల్ అంటుంది, తక్కువలో తక్కువ ఏడాదికోసారైనా ఉండాలని చాలామంది గుండె వైద్యులు అంటారు. ఎక్స్‌రే బాగుంది కదా అని దగ్గును తోసిపుచ్చడానికి వీల్లేదు, తొలి దశలో ఎక్స్‌రేకు దొరకనిది సీటీ స్కాన్‌లో దొరుకుతుంది.

ఆరు నెలలకోసారి రక్తం ఇచ్చి థైరాయిడ్, కాలేయం చూపించుకోవాలి. ఈ మందు బరువులో మూడో వంతుకు పైగా అయొడినే. 200 మిల్లీగ్రాముల గోలీ నుంచి రోజుకు 6 మిల్లీగ్రాములకు పైగా అయొడిన్ ఒంట్లోకి విడుదలవుతుంది. మనిషికి కావలసింది 0.15 మిల్లీగ్రాములు. అంటే 40 రెట్లకు పైగా. థైరాయిడ్ కొందరిలో చతికిలబడుతుంది, కొందరిలో పేట్రేగుతుంది. పేట్రేగితే బరువు తగ్గుతుంది, చేతులు వణుకుతాయి, అణగిన దడ మళ్లీ లేస్తుంది. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ప్రభుత్వ దవాఖానలో రక్తం ఇస్తే ఈ రెండు పరీక్షలకూ పైసా ఖర్చు లేదు. చూపు మసకబారితే కంటి డాక్టరుకు చూపించాలి. ఎండలో పనిచేసేవాళ్ల మొహం, చేతులు త్వరగా కందిపోతాయి, ఏళ్ల తరబడి వాడితే నీలిబూడిద రంగు తిరుగుతాయి. తువ్వాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. మన ఎండల్లో ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు.

ఆపరేషను ఏదైనా పడితే, హెర్నియా కానీ గర్భసంచి కానీ మోకాలు కానీ, మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ గోలీ సంగతి ముందే చెప్పాలి. అమియోడరోన్ ఒంట్లో ఉన్నవాళ్లకు పెద్ద ఆపరేషన్ల తర్వాత, ఆక్సిజన్ ఎక్కువ పాళ్లలో పెట్టిన తర్వాత ఊపిరితిత్తులు ఒక్కసారిగా దెబ్బతిన్న సందర్భాలున్నాయి. గోలీ మానేసి నాలుగు నెలలే అయినా సరే, చెప్పాలి. ఒంట్లో అది ఇంకా ఉంటుంది.

జబ్బు తేలితే ఏం చేస్తారు? గుండె డాక్టరు అమియోడరోన్ ఆపి మరో దారి చూస్తారు. ఊపిరితిత్తుల వాపుకు స్టెరాయిడ్ గోలీలు మొదలుపెట్టి నెలల తరబడి మెల్లమెల్లగా తగ్గిస్తారు. కొంచెం తేలికపడగానే ఈ స్టెరాయిడ్ గోలీలు సొంతంగా మానేసేవాళ్లు ఎక్కువ. మానితే జబ్బు తిరగబెడుతుంది, ఎందుకంటే అసలు మందు కొవ్వులోంచి ఇంకా దిగిపోలేదు. షుగరు ఉన్నవాళ్లకు స్టెరాయిడ్‌తో షుగరు పెరుగుతుంది, దాన్ని కూడా చూసుకుంటూ పోవాలి.

ఊళ్లో మొదట నాడి పట్టేది ఆర్‌ఎంపీలే కాబట్టి వాళ్లకూ ఒక మాట. గుండె జబ్బు మనిషి దగ్గుతో వస్తే దగ్గు మందు సీసా, యాంటీబయాటిక్ సూది ఇచ్చి పంపేముందు ‘దడకు ఏం గోలీ వాడుతున్నవ్?’ అని అడగండి. అమియోడరోన్ అంటే మీ చేతిలో పని కాదు, ఏరియా దవాఖానకు పంపండి. మెడికల్ షాపులవాళ్లకు చెప్పాల్సింది చట్టంలోనే ఉంది. ఇది చీటీ లేకుండా అమ్మకూడని మందు, షీటు మీద ఎర్ర గీత అందుకే. ఒక్కరోజులో మారిపొమ్మనడం లేదు. కనీసం చీటీ మీద తేదీ చూడండి. ఆరు నెలలు దాటితే, గోలీలు అయిపోతే ప్రమాదం కాబట్టి వారానికి సరిపడా ఇచ్చి, ఈలోపు డాక్టరును కలవమని చెప్పండి. ‘దగ్గు ఉందా పెద్దాయనా’ అని ఒక్క మాట అడగండి. అచ్చంపేటలో ఈ గోలీ కొనేవాళ్లు ఎవరో మీకు పేరుపేరునా తెలుసు. దవాఖాన రిజిస్టర్లకు తెలియని లెక్క మీ కౌంటరుకు తెలుసు.

హైదరాబాద్ డాక్టర్లకు విన్నపం: డిశ్చార్జి కాగితం మీద ఈ ఒక్క మందు ఎదురుగానైనా తెలుగులో రెండు వరసలు రాయండి. ఎన్ని నెలలు వాడాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి. నిమిషం పని. అచ్చంపేట, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ దవాఖానల పెద్దలకు, వైద్యారోగ్య శాఖకు మా డిమాండు ఇది. బీపీ, షుగరు గోలీలు ఇంటింటికీ చేర్చే ఆశా కార్యకర్తల దగ్గర గుండె గోలీలు వాడేవాళ్ల జాబితా కూడా ఉండాలి. ఆ జాబితాలో అమియోడరోన్ పేరు పక్కన గుర్తు పెట్టాలి. నెలకోసారి ‘దగ్గు, ఆయాసం ఉన్నాయా’ అనే ప్రశ్న ఆ గుర్తున్న ఇంటి తలుపు తట్టాలి. 2022లో వచ్చిన వైద్య కళాశాలలతో నాగర్‌కర్నూల్‌కూ వనపర్తికీ స్పెషలిస్టు డాక్టర్లు చేరువయ్యారు. గద్వాలకూ కళాశాల వచ్చింది. నెలకో రోజు గుండె డాక్టరూ ఊపిరితిత్తుల డాక్టరూ కలిసి అచ్చంపేటలో ఓపీ పెడితే పట్నం పోలేక ఆగినవాళ్లలో చాలామంది ఆ రోజు వస్తారు. అప్పటిదాకా ఈ-సంజీవని ద్వారా ఫోనులోనే పెద్ద డాక్టరుకు చూపించమని పల్లె దవాఖానలో అడగవచ్చు.

ఏ మందు వల్లనైనా హాని జరిగిందని అనుమానం వస్తే నమోదు చేసుకోవడానికి కేంద్ర ప్రభుత్వపు ఔషధ నిఘా కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. ఉచిత ఫోను నంబరు 1800 180 3024. డాక్టరే చేయాలని లేదు, రోగి చేయవచ్చు, ఇంట్లోవాళ్లు చేయవచ్చు. అది కేసు పెట్టడం కాదు, ఎవరినీ బోనెక్కించరు. ఫోను చేసేముందు షీటు దగ్గర పెట్టుకోండి. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, షీటు అంచున అచ్చైన బ్యాచి నంబరు, ఎప్పుడు మొదలుపెట్టారు, దగ్గు ఎప్పుడు వచ్చింది, ఇంకా ఏయే గోలీలు వాడుతున్నారు అని అడుగుతారు.